బ్రేక్ యాక్షన్ షాట్‌గన్‌లో గేజ్ అడాప్టర్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో షాట్‌గన్‌తో స్కీట్, క్లే టార్గెట్లు (గాలిలోకి విసిరే మట్టి బిళ్లలు) కాల్చడం మొదలుపెట్టిన తెలుగు మిత్రులు అడిగే ప్రశ్నలు చాలావరకు ఒకేలా ఉంటాయి. 12 గేజ్ ఓవర్ అండ్ అండర్ (ఒకదాని మీద ఒకటిగా రెండు బ్యారెళ్లున్న తుపాకీ) ఒకటి కొంటారు, పక్కవాళ్లు అదే తుపాకీతో 28 గేజ్, 410 కాల్చడం చూస్తారు, అక్కడి నుంచి అనుమానాలు మొదలవుతాయి. జవాబులన్నీ ఒకచోట పెడుతున్నాను. ఏ ప్రశ్నకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు.

## మొదటి అనుమానాలు

గేజ్ అడాప్టర్ అంటే అసలేంటి?

పెద్ద గేజ్ తుపాకీ ఛాంబర్‌లో, అంటే బ్యారెల్ వెనక తూటా పెట్టే చోట, కూర్చునే లోహపు గొట్టం. బయటి కొలత 12 గేజ్ తూటాలాగే ఉంటుంది, లోపలి రంధ్రం 20 గేజ్, 28 గేజ్ లేదా 410 తూటాకు సరిపోతుంది. తుపాకీని విరిచి (బ్రేక్ యాక్షన్ అంటే కీలు దగ్గర మడిచి తెరిచే తుపాకీ) ఛాంబర్‌లో అడాప్టర్ పెట్టి, అందులో చిన్న తూటా వేసి మూసి కాలుస్తారు. కొన్ని అడాప్టర్లు ఛాంబర్ పొడవుతో ఆగిపోతాయి. కొన్ని బ్యారెల్ మొత్తం పొడవునా వెళ్తాయి, వాటిని ట్యూబులు అంటారు. పని తీరులో ఈ రెండు రకాలకూ చాలా తేడా ఉంది.

12 కంటే 20 పెద్ద అంకె కదా, 20 గేజ్ చిన్నది ఎలా అవుతుంది?

పాత ఇంగ్లిష్ లెక్క అది. బ్యారెల్‌లో సరిగ్గా పట్టే సీసపు గుండ్లు ఎన్ని కలిస్తే ఒక పౌండు బరువు తూగుతాయో, ఆ సంఖ్యే గేజ్. 12 గుండ్లకే పౌండు తూగితే గుండు పెద్దది, 20 కావాలంటే చిన్నది. మిల్లీమీటర్లలో 12 గేజ్ బోర్ (బ్యారెల్ లోపలి రంధ్రం) సుమారు 18.5, 20 గేజ్ 15.6, 28 గేజ్ 14. ఒక్క 410కి మాత్రం ఈ లెక్క లేదు. అది నేరుగా బోర్ వ్యాసమే, 0.410 అంగుళం, అంటే సుమారు 10.4 మిల్లీమీటర్లు.

చోక్ ట్యూబూ ఇదీ ఒకటేనా?

కాదు. చోక్ బ్యారెల్ చివర, గుళ్లు బయటికి వెళ్లే వైపు ఉంటుంది. గుళ్లు ఎంత విస్తరించాలో అది నిర్ణయిస్తుంది. అడాప్టర్ తూటా పెట్టే వైపు ఉంటుంది, ఏ తూటా కాల్చవచ్చో అది నిర్ణయిస్తుంది.

నా దగ్గర 20 గేజ్ ఉంది. 12 గేజ్ తూటాలు కాల్చే అడాప్టర్ దొరుకుతుందా?

దొరకదు. పెద్ద ఛాంబర్‌ను చిన్నది చేయవచ్చు గానీ చిన్నదాన్ని పెద్దది చేయలేం. అలాంటిది ఉందని ఎవరైనా అమ్మజూపితే అక్కడి నుంచి వచ్చేయండి.

బ్రేక్ యాక్షన్‌కే ఎందుకు? నా సెమీ ఆటోమేటిక్‌లో వాడకూడదా?

బ్రేక్ యాక్షన్ తుపాకీ విరిస్తే ఛాంబర్ మొత్తం కళ్లెదుట ఉంటుంది. అడాప్టర్ చేత్తో పెట్టవచ్చు, సరిగ్గా కూర్చుందో లేదో చూడవచ్చు, బ్యారెల్ ఈ చివర నుంచి ఆ చివరకు వెలుతురు కనిపిస్తుందో లేదో చూసుకోవచ్చు. పంప్, సెమీ ఆటోమేటిక్ తుపాకుల్లో తూటాను మెకానిజమే లాక్కెళ్లి ఛాంబర్‌లో పెడుతుంది, కాల్చాక ఎక్స్‌ట్రాక్టర్ గోరు పట్టి బయటికి లాగుతుంది. ఆ దారిలో వదులు అడాప్టర్‌కు చోటు లేదు. ప్రత్యేకంగా ఆ మోడల్‌కే తయారైనవి తప్ప మిగతావి అందులో పెట్టకండి.

ఒకే ఆటకు నాలుగు గేజ్‌లు ఎందుకు?

అమెరికన్ స్కీట్ నియమాలే అలా ఉన్నాయి. 1920 ప్రాంతంలో మసాచుసెట్స్‌లోని ఆండోవర్‌లో పుట్టిన ఆట ఇది. ఇప్పుడు టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోలో ఉన్న నేషనల్ స్కీట్ షూటింగ్ అసోసియేషన్ దీన్ని నడుపుతోంది. పోటీలు 12, 20, 28, 410 అని నాలుగు విభాగాలు. ఒక్కోదాంట్లో మామూలుగా 100 టార్గెట్లు, కలిపితే 400. గుళ్ల బరువుకు పరిమితి 12 గేజ్‌లో 1⅛ ఔన్సు, 20లో ⅞, 28లో ¾, 410లో అర ఔన్సు మాత్రమే. నాలుగు తుపాకులు కొంటే నాలుగింటి బరువు, బ్యాలెన్స్, ట్రిగ్గర్ వేరువేరుగా ఉంటాయి. ఒకే తుపాకీలో ట్యూబులు మార్చుకుంటే భుజానికి ఆనే స్టాకూ వేలికి తగిలే ట్రిగ్గరూ మారవు. ట్యూబులు ఇంతగా వ్యాపించడానికి అసలు కారణం అదే.

మన దేశపు షూటర్లు ఒలింపిక్స్‌లో, ఆసియా క్రీడల్లో కాల్చే ట్రాప్, స్కీట్ వేరే నియమావళి. అక్కడ ఆడేది 12 గేజ్, గుళ్లు 24 గ్రాములు. 2023లో హాంగ్జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో హైదరాబాద్‌కు చెందిన కైనన్ చెనాయ్ ట్రాప్‌లో టీమ్ స్వర్ణం, వ్యక్తిగత కాంస్యం తెచ్చింది ఆ ఆటలోనే. ఆ దారిలో వెళ్లాలనుకునే పిల్లలకు ట్యూబులు అవసరం లేదు.

చిన్న గేజ్ కదా, తూటాల ఖర్చు తగ్గుతుందా?

తగ్గదు, చాలాచోట్ల పెరుగుతుంది. 12, 20 గేజ్ తూటాలు ఎక్కువగా అమ్ముడవుతాయి కాబట్టి చవక. 28, 410 పెట్టెలు ఖరీదు. ఖాళీ షెల్స్‌ను సొంతంగా మళ్లీ నింపుకునేవాళ్లకే చిన్న గేజ్‌లో నిజమైన ఆదా ఉంటుంది. డబ్బు కోసమే అయితే అడాప్టర్ కొనకండి. ఆట కోసమైతే కొనండి.

## చట్టం, వీసా

నేను హెచ్1బీలో ఉన్నాను. తుపాకీ కొనకుండా అడాప్టర్ కొని ఫ్రెండ్ గన్‌లో కాల్చొచ్చా?

ఈ పేజీలో అన్నిటికన్నా జాగ్రత్తగా చదవాల్సిన జవాబు ఇది. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నాన్ ఇమిగ్రెంట్ వీసాపై వచ్చినవాళ్లు తుపాకీని గానీ తూటాలను గానీ దగ్గర ఉంచుకోవడం నేరం. హెచ్1బీ, హెచ్4, ఎల్1, ఎఫ్1 అన్నీ ఇందులోకి వస్తాయి. కొనలేదు, అద్దెకు తీసుకున్నాను, ఫ్రెండ్ ఇచ్చాడు అన్న మాటలు కాపాడవు. స్వాధీనం అంటే సొంతం అని మాత్రమే అర్థం కాదు, చేతిలో ఉండటం కూడా.

కొన్ని మినహాయింపులు ఉన్నాయి. ఏదో ఒక రాష్ట్రం చట్టబద్ధంగా ఇచ్చిన, గడువు దాటని వేట లైసెన్స్ ఉండటం వాటిలో ముఖ్యమైనది. దాన్ని నమ్ముకొని చాలామంది రేంజ్‌కు వెళ్తుంటారు. కానీ ఆయుధాల కేసు దేశం నుంచి పంపించేయడానికి కూడా కారణం కావచ్చు. ఏళ్ల తరబడి గ్రీన్ కార్డ్ లైన్‌లో నిలబడ్డవాళ్లు ఆన్‌లైన్‌లో ఎవరో రాసిన మాట మీద, నా మాట మీద కూడా, ఆధారపడొద్దు. తుపాకీ ముట్టుకోక ముందు ఇమిగ్రేషన్ లాయర్‌తో ఒక్కసారి మాట్లాడండి. గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లకు ఈ నిషేధం వర్తించదు.

అడాప్టర్ కొనడానికి బ్యాక్‌గ్రౌండ్ చెక్ ఉంటుందా?

మామూలు గేజ్ అడాప్టర్‌ను ఫెడరల్ చట్టం తుపాకీగా లెక్కించదు, అది యాక్సెసరీ. అందువల్ల తుపాకీ కొనేటప్పుడు నింపే ఫారం 4473 దీనికి ఉండదు. రాష్ట్రాల నియమాలు వేరుగా ఉండవచ్చు, తూటాల కొనుగోలు మీద కూడా కొన్ని రాష్ట్రాల్లో ఆంక్షలు ఉన్నాయి. మీ రాష్ట్రం సంగతి స్థానిక డీలర్‌ను అడిగి తెలుసుకోండి.

ఊళ్లో మా నాన్నగారికి లైసెన్స్ ఉన్న డబుల్ బ్యారెల్ ఉంది. ఇక్కడి నుంచి ఒక అడాప్టర్ తీసుకెళ్లొచ్చా?

వద్దు. ఇండియాలో 1959 నాటి ఆయుధాల చట్టం తుపాకీ భాగాలను కూడా ఆయుధాల నిర్వచనంలోనే చేర్చింది, దిగుమతికి లైసెన్స్ ఉండాలంది. లైసెన్స్ పుస్తకంలో ఫలానా బోర్ అని రాసి ఉంటుంది, తూటాలు కూడా ఆ బోర్‌వే ఇస్తారు. 12 బోర్ లైసెన్స్‌తో 20 బోర్ తూటాలు అడిగితే దుకాణదారు ఇవ్వలేడు, ఇవ్వకూడదు. ఎయిర్‌పోర్ట్‌లో బ్యాగ్‌లో గొట్టం దొరికితే అది ఏమిటో వివరించాల్సింది మీరే. దానికి తోడు అమెరికా వైపు ఎగుమతి నియంత్రణలు కూడా ఉన్నాయి. నాన్నగారికి నిజంగా అవసరం ఉంటే జిల్లా కలెక్టరేట్‌లో, హైదరాబాద్ లాంటి చోట పోలీస్ కమిషనర్ కార్యాలయంలో లైసెన్సింగ్ విభాగానికి రాతపూర్వకంగా అర్జీ పెట్టుకోవడమే దారి.

లేత్ మిషన్ ఉన్న మిత్రుడు చేసిస్తానంటున్నాడు. చేయించుకోవచ్చా?

దయచేసి వద్దు. అడాప్టర్ గోడ వేల పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) ప్రెషర్‌ను పట్టి ఉంచాలి. ఏ లోహం, ఎలాంటి హీట్ ట్రీట్‌మెంట్, రిమ్ (తూటా వెనక అంచు) కూర్చునే గాడి ఎంత లోతు అన్నది కంటితో చూసి చెప్పే సంగతి కాదు. ఇండియాలో అయితే లైసెన్స్ లేకుండా ఆయుధ భాగం తయారుచేయడమే నేరం.

## ఎంచుకునేటప్పుడు

పొట్టి అడాప్టర్ చాలా, ఫుల్ లెంగ్త్ ట్యూబ్ కావాలా?

మీరు ఏం కాలుస్తారన్నదాన్ని బట్టి ఉంటుంది. పొట్టి అడాప్టర్‌లో తూటా పేలాక గుళ్లు, వాటిని మోసే ప్లాస్టిక్ వాడ్ మూడంగుళాలు దాటగానే విశాలమైన 12 గేజ్ బ్యారెల్‌లోకి వచ్చేస్తాయి. చిన్న వాడ్ పెద్ద బోర్‌ను మూయలేదు. వెనక నుంచి వచ్చే గ్యాస్ పక్కల నుంచి ముందుకు దూసుకుపోతుంది. వేగం తగ్గుతుంది, గుళ్ల చెదురు అతుకులు అతుకులుగా మారుతుంది. 12లో 20 పెడితే బోర్ల తేడా తక్కువ కాబట్టి దగ్గరి టార్గెట్లకు ఫర్వాలేదు. 12లో 410 పెడితే మాత్రం తేడా స్పష్టంగా కనిపిస్తుంది. అసలే అర ఔన్సు గుళ్లు, అవి కూడా ఖాళీలు వదులుతూ వెళ్తాయి.

ఫుల్ లెంగ్త్ ట్యూబ్ అంటే బ్యారెల్ లోపల ఇంకో బ్యారెల్. గుళ్లు చివరిదాకా సరైన బోర్‌లోనే ప్రయాణిస్తాయి, చివర దాని చోక్ దానికే ఉంటుంది. సాధారణంగా ట్యూబ్ అల్యూమినియంతో, ఛాంబర్ భాగం స్టీల్ లేదా టైటానియంతో చేస్తారు. హ్యూస్టన్‌లోని బ్రైలీ, విస్కాన్సిన్‌లోని కోలార్ ఈ పనిలో బాగా పేరున్నవి. పొట్టి అడాప్టర్ పదుల డాలర్లలో దొరుకుతుంది, మూడు గేజ్‌ల ట్యూబ్ సెట్ వెయ్యి డాలర్లు దాటుతుంది.

నా అభిప్రాయం: పోటీకి వెళ్లే ఉద్దేశం ఉంటే మధ్యస్థంగా ఏదో ఒకటి కొనకుండా, ఆగి డబ్బు కూడబెట్టి ట్యూబులే కొనండి. సరదాగా తక్కువ కిక్‌తో కాల్చుకోవడానికైతే 20 గేజ్ పొట్టి అడాప్టర్ జత చాలు.

ట్యూబులు పెడితే తుపాకీ బరువెక్కదా?

ఎక్కుతుంది. జత ట్యూబుల బరువు బ్యారెల్ పొడవును బట్టి దాదాపు 10 నుంచి 14 ఔన్సులు ఉంటుంది, అంటే 300 నుంచి 400 గ్రాములు. అదంతా ముందువైపే పడుతుంది. స్కీట్‌లో తుపాకీని ఆపకుండా తిప్పుతూ కాల్చాలి కాబట్టి ముందు బరువు కొంత మేలే చేస్తుందని చాలామంది అంటారు, నాకూ అలాగే అనిపిస్తుంది. ఇబ్బంది 12 గేజ్ విభాగంలో వస్తుంది. ట్యూబులు తీయగానే తుపాకీ వేరే తుపాకీలా తోస్తుంది. అందుకే కొందరు 12 గేజ్ విభాగంలో కూడా 20 గేజ్ ట్యూబులతోనే కాలుస్తారు. నియమాలు దానికి ఒప్పుకుంటాయి. పెద్ద విభాగంలో చిన్న గేజ్ కాల్చవచ్చు, చిన్న విభాగంలో పెద్దది కాల్చకూడదు.

20 గేజ్ ప్రెషర్ 12 కంటే ఎక్కువట కదా, నా తుపాకీ తట్టుకుంటుందా?

అంకెలు నిజమే. అమెరికాలో తూటాల ప్రమాణాలు పెట్టే సామీ సంస్థ లెక్కలో 2¾ అంగుళాల 12 గేజ్‌కు గరిష్ఠ ప్రెషర్ 11,500 పీఎస్ఐ, 20 గేజ్‌కు 12,000, 28 గేజ్‌కు 12,500, మూడంగుళాల 410కి 13,500. అయితే ఆ ప్రెషర్‌ను చుట్టూ పట్టి ఉంచేది అడాప్టర్ గోడ. తుపాకీ వెనక ముఖం మీద పడే తోపు ప్రెషర్‌తో పాటు తూటా లోపలి వైశాల్యం మీద కూడా ఆధారపడుతుంది. చిన్న తూటాకు వైశాల్యం తక్కువ. కాబట్టి ఆధునిక 12 గేజ్ తూటాలకు తగిన, మంచి స్థితిలో ఉన్న తుపాకీకి మంచి అడాప్టర్‌లో చిన్న గేజ్ భారం కాదు.

తాతల నాటి డమాస్కస్ బ్యారెల్ గన్‌లో అడాప్టర్ వేసి కాల్చొచ్చా? ఛాంబర్ ప్రెషర్ అడాప్టరే పట్టుకుంటుందంటున్నారు.

అడాప్టర్ పట్టుకునేది ఛాంబర్ భాగాన్నే. గుళ్లు ముందుకు సాగుతున్నప్పుడు గ్యాస్ కూడా వెంట వస్తుంది, అది అడాప్టర్ దాటాక పాత బ్యారెల్ గోడనే నొక్కుతుంది. డమాస్కస్ బ్యారెళ్లు ఇనుము, ఉక్కు పట్టీలను మెలితిప్పి అతికించి చేసినవి. వందేళ్ల తేమ ఆ అతుకుల్లో ఏం చేసిందో పైకి కనిపించదు. పాత తుపాకులు బాగా తెలిసిన గన్‌స్మిత్ బ్యారెల్ గోడ మందం కొలిచి, రాతపూర్వకంగా సరే అంటే తప్ప దాన్ని గోడకు తగిలించుకుని చూసి మురిసిపోవడమే మేలు.

రైఫిల్, పిస్టల్ తూటాలు కాల్చే అడాప్టర్లు కూడా ఉన్నాయి. అవి ఎలా ఉంటాయి?

ఇవి కొత్తవేమీ కాదు. జర్మనీ, ఆస్ట్రియా వేటగాళ్లు డ్రిల్లింగ్ అనే మూడు గొట్టాల తుపాకుల్లో ఇలాంటి రైఫిలింగ్ ఉన్న లోపలి బ్యారెళ్లను చాలాకాలంగా వాడుతున్నారు. అక్కడ వాటిని గన్‌స్మిత్ ఆ తుపాకీకి అమర్చి, గురి సరిచేసి ఇస్తాడు. పెట్టెలో వచ్చే పొట్టి అడాప్టర్ సంగతి వేరు.

మొదటి చిక్కు ప్రెషర్. 22 లాంగ్ రైఫిల్ తూటా గరిష్ఠం 24,000 పీఎస్ఐ, 357 మాగ్నమ్‌ది 35,000. షాట్‌గన్ ఫైరింగ్ పిన్ (తూటా వెనక కొట్టే సూది) ఆ ప్రెషర్‌కు చేసింది కాదు, ప్రైమర్ (ఆ దెబ్బకు తూటాను పేల్చే భాగం) చిల్లు పడి గ్యాస్ వెనక్కి కొట్టే ప్రమాదం ఉంది. రెండోది గురి. కొన్ని అంగుళాల రైఫిలింగ్‌తో, ఒక్క పూసతో గురిపెట్టే షాట్‌గన్ నుంచి వచ్చే బుల్లెట్ ఎక్కడ తగులుతుందో నమ్మలేం. మూడోది నాకు అన్నిటికన్నా ముఖ్యం. స్కీట్ మైదానాల వెనక గుళ్లు పడటానికి వదిలే ఖాళీ సుమారు 300 గజాలు. 22 బుల్లెట్ ఒకటిన్నర మైళ్లు వెళ్లగలదని ఆ తూటాల పెట్టె మీదే రాసి ఉంటుంది. షాట్‌గన్ రేంజ్‌లో ఒక్క బుల్లెట్ కూడా కాల్చకూడదు. 22 కావాలంటే మామూలు 22 రైఫిల్ కొనండి.

మా అమ్మాయికి పన్నెండేళ్లు. నా 12 గేజ్‌లో 28 గేజ్ అడాప్టర్ వేసి నేర్పించొచ్చా?

కిక్ తక్కువగానే ఉంటుంది. కానీ తుపాకీ బరువు, స్టాక్ పొడవు మీకోసం చేసినవి. బరువైన తుపాకీని మోయలేక పిల్లలు నడుము వెనక్కి వంచి నిలబడతారు, ఆ అలవాటు తర్వాత పోదు. చిన్న స్టాక్ ఉన్న 20 గేజ్ యూత్ మోడల్ కొనడమో, క్లబ్‌లో యూత్ కార్యక్రమం ఉంటే అందులో చేర్చడమో మంచిది. ఎదిగి మీ తుపాకీ ఆమె భుజానికి సరిపోయాక అడాప్టర్ బాగా పనికొస్తుంది.

## మొదటిసారి అమర్చేటప్పుడు

ఏ బ్రాండ్ తుపాకీకైనా అడాప్టర్ సరిపోతుందా?

పొట్టివి చాలా తుపాకుల్లో కూర్చుంటాయి, కానీ కూర్చుంటాయని ముందే అనుకోకూడదు. రిమ్ గాడి లోతు తుపాకీ తుపాకీకి కొద్దిగా మారుతుంది, పాత యూరప్ తుపాకుల ఛాంబర్ 65 మిల్లీమీటర్లే ఉండవచ్చు. ఫుల్ లెంగ్త్ ట్యూబులను మామూలుగా మీ బ్యారెళ్లకు కొలిచి చేస్తారు. పై బ్యారెల్‌ది కింద, కిందది పైన పెట్టకూడదు. వాటి మీద గుర్తులు ఉంటాయి, చూసి పెట్టండి.

అడాప్టర్ పెట్టాక తుపాకీ గట్టిగా మూసుకుంటోంది. కొంచెం బలంగా నొక్కితే సరిపోతుందా?

నొక్కొద్దు. రిమ్ పూర్తిగా గాడిలో దిగలేదన్నమాట. మురికి ఉందేమో తుడిచి మళ్లీ చూడండి. అయినా బిగుతుగానే ఉంటే ఆ అడాప్టర్ ఆ తుపాకీది కాదు. దీనికి వ్యతిరేకంగా, మూసిన తర్వాత లోపల టకటకమని ముందుకీ వెనక్కీ కదులుతున్నా మంచిది కాదు. ఆ ఖాళీ వల్ల ఫైరింగ్ పిన్ దెబ్బ బలహీనంగా పడుతుంది, తూటా వెనక భాగానికి ఆసరా తగ్గుతుంది. రెండు సందర్భాల్లోనూ గన్‌స్మిత్‌కు చూపించండి.

అడాప్టర్ మీద 2¾ అని ఉంది. మూడంగుళాల తూటా అందులో చక్కగా పట్టింది. కాల్చొచ్చా?

కాల్చకూడదు. తూటా మీద రాసే పొడవు పేలి, మూతి విచ్చుకున్న తర్వాతి పొడవు. కాల్చని తూటా అంతకంటే పొట్టిగా ఉంటుంది కాబట్టి లోపల పడుతుంది. పేలినప్పుడు ముడుచుకున్న మూతి విచ్చుకోవడానికి చోటుండదు, అది గుళ్ల దారిలోకే వస్తుంది, ప్రెషర్ పెరుగుతుంది. అడాప్టర్ మీద చెక్కిన గేజ్, చెక్కిన పొడవు, ఈ రెండూ తూటా మీదివాటితో కలవాలి. తుపాకీ మీద మూడంగుళాలు అని రాసి ఉన్నా అడాప్టర్ మీద ఉన్నదే లెక్క.

ట్రిగ్గర్ నొక్కితే క్లిక్ మంటుంది, పేలదు. అడాప్టర్‌లో లోపమా?

కావచ్చు, కాకపోవచ్చు. ఓవర్ అండ్ అండర్‌లో ఫైరింగ్ పిన్లు కాస్త వాలుగా తగులుతాయి, చిన్న తూటా ప్రైమర్ మీద దెబ్బ మధ్యలో పడకపోవచ్చు. పేలని తూటాను చూడండి. గుంత పక్కకు ఉంటే కొలతల సమస్య, మధ్యలోనే ఉండి లోతు లేకపోతే స్ప్రింగ్ అరిగిందేమో లేదా రిమ్ దగ్గర ఖాళీ ఉందేమో. అయితే తెరవడానికి ముందు మూతి టార్గెట్ వైపే ఉంచి కనీసం 30 సెకన్లు ఆగండి. ఆలస్యంగా పేలే తూటాలు అరుదే, కానీ అలాంటిది ఒక్కటి చాలు.

## రేంజ్‌లో

12 గేజ్‌లో 20 గేజ్ తూటా అడాప్టర్ లేకుండా పడితే నిజంగా బ్యారెల్ పగులుతుందా?

పగులుతుంది. 20 గేజ్ తూటా రిమ్ 12 గేజ్ ఛాంబర్ అంచు మీద ఆగేంత పెద్దది కాదు. అది లోపలికి జారి, ఛాంబర్ సన్నబడే చోట ఇరుక్కుంటుంది. అక్కడ ఇరుక్కున్నప్పుడు వెనక మామూలు 12 గేజ్ తూటా పెట్టడానికి పూర్తి చోటు ఉంటుంది. షూటర్ ట్రిగ్గర్ నొక్కితే క్లిక్ మంటుంది, తూటా వేయడం మర్చిపోయానేమో అనుకొని తెరుస్తాడు, ఛాంబర్ ఖాళీగా కనిపిస్తుంది, 12 గేజ్ వేస్తాడు. అది పేలితే దాని గుళ్లు ముందున్న తూటాను ఢీకొంటాయి, రెండూ కలిసి బ్యారెల్‌ను చీలుస్తాయి. సరిగ్గా ముందు చెయ్యి పట్టుకునే చోట.

అమెరికాలో 20 గేజ్ తూటాలకు పసుపు రంగు వేసే పద్ధతి ఈ ప్రమాదం వల్లే వచ్చింది. పసుపు తూటా 12 గేజ్ పెట్టెలో కనిపిస్తే అక్కడే ఆగిపోండి. కానీ ఇతర దేశాల తూటాల్లో, పాత స్టాక్‌లో రంగు మీద నమ్మకం పెట్టుకోవద్దు. 28 గేజ్‌కు ఇలాంటి నిర్ణీత రంగే లేదు.

అడాప్టర్ వాడేవాళ్ల దగ్గర రెండు గేజ్‌ల తూటాలు ఉండటమే ఈ ప్రమాదానికి మొదటి మెట్టు. అందుకే రేంజ్‌కు వెళ్లేటప్పుడు ఒక్క గేజ్ తూటాలే తీసుకెళ్లాలి. వెస్ట్ జేబులన్నీ ఇంట్లోనే ఖాళీ చేసుకోవాలి. గేజ్ మార్చాలంటే మైదానం దిగి, పాత గేజ్ తూటాలను కారులో పెట్టి, అప్పుడే కొత్తవి తెచ్చుకోవాలి. పేలకపోయిన ప్రతిసారీ, ఏదైనా తేడాగా అనిపించిన ప్రతిసారీ, అడాప్టర్ తీసి బ్యారెల్‌లోంచి ఆకాశం కనిపిస్తుందో లేదో చూడాలి. ఈ విషయంలో ఎంత చెప్పినా ఎక్కువ కాదనే నేననుకుంటాను.

ఒక బ్యారెల్‌లో అడాప్టర్ పెట్టి, రెండోదాన్ని 12 గేజ్‌గానే ఉంచొచ్చా?

సాంకేతికంగా పనిచేస్తుంది. నేను మాత్రం ఎవరికీ సలహా ఇవ్వను. ఒకే జేబులో రెండు సైజుల తూటాలు పెట్టుకోవాల్సి వస్తుంది, హడావుడిలో 20 గేజ్ తూటా ఖాళీ బ్యారెల్‌లోకి జారుతుంది. ఒకటే అడాప్టర్ ఉంటే రెండో బ్యారెల్‌లో అసలు ఏమీ వేయకండి.

శబ్దం బాగా తక్కువగా వచ్చింది. తర్వాతి తూటా వేసేయొచ్చా?

ఆగండి. పౌడర్ సరిగా కాలకపోతే వాడ్ బ్యారెల్‌లోనే ఉండిపోవచ్చు. తుపాకీ విరిచి, తూటాలు తీసి, గొట్టం లోపల చూడండి. ట్యూబుల్లో 28, 410 బోర్లు సన్నగా ఉంటాయి కాబట్టి చిన్న అడ్డంకి కూడా గట్టిగా బిగుసుకుంటుంది. ఇంట్లో నింపుకున్న తూటాలు వాడేవాళ్లు ఒక సన్నని చెక్క రాడ్ దగ్గర ఉంచుకోవాలి.

తుపాకీ తెరవగానే అడాప్టర్ ఎగిరి వెనక పడుతోంది. ఏం చేయాలి?

మీది ఎజెక్టర్ ఉన్న తుపాకీ. అది అడాప్టర్‌ను కూడా ఖాళీ తూటాలాగే విసిరేస్తుంది. కాంక్రీట్ మీద పడితే రిమ్ వంగుతుంది, వంగినదాన్ని మళ్లీ వాడకూడదు. మూతి టార్గెట్ వైపే ఉంచి, వెనక అరచెయ్యి అడ్డుపెట్టి నెమ్మదిగా తెరవండి. కొన్ని తుపాకుల్లో ఎజెక్టర్లను పనిచేయకుండా ఆపుకునే వీలుంటుంది. ఫుల్ లెంగ్త్ ట్యూబులకు సొంత ఎక్స్‌ట్రాక్టర్లు ఉంటాయి, ట్యూబ్ కదలదు, ఖాళీ షెల్ మాత్రమే పైకి లేస్తుంది.

టార్గెట్లు తగలడం లేదు. అడాప్టర్ గురి మార్చేసిందా?

కాగితం మీద కాల్చి చూడండి, అప్పుడే తెలుస్తుంది. 20 గజాల దూరంలో పెద్ద కాగితం కట్టి, మధ్యలో ఒక చుక్క పెట్టి, ఒక్కో బ్యారెల్‌తో మూడు నాలుగు కాగితాలు కాల్చండి. గుళ్ల గుంపు మధ్యభాగం చుక్క మీద ఉందా, పక్కకు వెళ్లిందా, మధ్యలో టార్గెట్ దూరిపోయేంత ఖాళీలు ఉన్నాయా అన్నది చూడాలి. గుంపు సరిగా ఉంటే తప్పు మన ఊపులో ఉంది. 410లో అర ఔన్సు గుళ్లే కాబట్టి 12 గేజ్‌లో అంచు తగిలి పగిలిన టార్గెట్ ఇక్కడ పగలకుండా వెళ్లిపోతుంది. అది మామూలే.

చిన్న గేజ్ కాబట్టి ఇయర్ మఫ్స్ అక్కర్లేదా?

తప్పకుండా కావాలి. 410 కూడా 140 డెసిబెల్స్ దాటుతుంది, ఆ స్థాయిలో ఒక్క శబ్దం చాలు వినికిడి దెబ్బతినడానికి. కళ్లజోడు కూడా తప్పనిసరి, పొట్టి అడాప్టర్ల దగ్గర గ్యాస్, మసి వెనక్కి కొంచెం వచ్చే వీలుంది.

## కాల్చాక

అడాప్టర్ ఛాంబర్‌లో ఇరుక్కుపోయింది. సుత్తితో కొట్టొచ్చా?

ముందుగా తూటాలు తీసేశారో లేదో రెండుసార్లు చూడండి. అడాప్టర్‌కూ ఛాంబర్‌కూ మధ్య మసి చేరి బిగుసుకోవడం మామూలు కారణం. కొద్దిగా నూనె అంచున వేసి కాసేపు వదిలేయండి. తర్వాత మూతి వైపు నుంచి చెక్క లేదా నైలాన్ రాడ్ పెట్టి నెమ్మదిగా తట్టండి. ఇనుప రాడ్, స్క్రూడ్రైవర్ వద్దు. ట్యూబ్ సెట్‌లతో ఇందుకోసమే ఒక రాడ్ ఇస్తారు. లోపల పేలని తూటా ఉండి ఇరుక్కుంటే మాత్రం మీరు ఏమీ చేయొద్దు. రేంజ్ ఆఫీసర్‌ను పిలవండి.

మసి లేకపోయినా పదేపదే ఇరుక్కుంటుంటే అడాప్టర్ ఉబ్బి ఉండవచ్చు. మైక్రోమీటర్‌తో కొలిచి చూస్తే తెలుస్తుంది. ఉబ్బినదాన్ని అరగదీసి సరిచేయకండి, గోడ పలచబడుతుంది. పారేయండి.

ఎంత నూనె రాయాలి?

తుడిస్తే కనిపించనంత. ఛాంబర్ గోడలు, తూటా పెట్టే రంధ్రం పొడిగా ఉండాలి. పేలినప్పుడు షెల్ గోడ ఛాంబర్‌ను పట్టుకొని కొంత తోపును ఆపుతుంది. అక్కడ నూనె ఉంటే ఆ పట్టు జారి బరువంతా తుపాకీ వెనక ముఖం మీద పడుతుంది. అడాప్టర్ బయటి వైపు మాత్రం పలచని పొర ఉంటే తుప్పు పట్టదు, సులభంగా బయటికొస్తుంది. శుభ్రం చేశాక సబ్బుతో చేతులు కడుక్కోండి, సీసం మసి తిండిలోకి పోకూడదు.

తుపాకీలోనే వదిలేసి దాచొచ్చా?

వద్దు. ఛాంబర్‌కూ అడాప్టర్‌కూ మధ్య చిక్కిన తేమకు బయటికి దారి ఉండదు, అక్కడే తుప్పు మొదలవుతుంది. తీసి, తుడిచి, గేజ్ పేరు రాసిన గుడ్డసంచిలో విడిగా పెట్టండి. ఒక్కో గేజ్ తూటాలకు ఒక్కో పెట్టె, వాటికి వేరే తాళం. ఇంట్లో నాన్ ఇమిగ్రెంట్ వీసాపై ఉన్న చుట్టాలు, అద్దెకు ఉండే విద్యార్థులు ఉంటే సేఫ్ తాళం, దాని నంబర్ మీ ఒక్కరి దగ్గరే ఉండాలి.